పనికాయలు

ఫారాల మడతల్ని చెక్కతో రుద్దడం నాన్నకి గిట్టేది కాదు. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని మడిచి, పిడికిలి బిగించి, వేళ్ళ కణుపుల వెనకవైపుతో పైనుంచి కిందికి ఒకే ఊపున నొక్కాలి. చెక్క తగిలితే కాగితం మీద మెరుపు చార పడుతుందనేవాడు. ఆయన పోయి ఇరవై ఏడేళ్ళు. ఆయన నడిపిన పుస్తకాల బైండింగు గదిలో ఆ పద్ధతిని ఇంకా పట్టుకుని కూర్చున్నది ఆయన పెద్ద కూతురొక్కతే.

ఇంట్లో ఆమెని పెద్దది అంటారు, చెల్లెల్ని చిన్నది అంటారు. పెళ్ళయి పాప పుట్టాక కూడా పెద్దదాని పని ఇక్కడే. ముందు గదిలో బల్ల దగ్గర చిన్నది కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంది. వెనక గదిలో పెద్దది ఫారాలు మడిచి, కుట్టి, బంక పూసి, అట్టలు వేసి, పుస్తకాల్ని నొక్కిపెట్టే ప్రెస్సు బిగిస్తుంది. మధ్యలో తల్లి సూదుల్లోకి దారం ఎక్కిస్తూ ఇటొకసారి, అటొకసారి చూస్తుంది. ముందు గదివైపే ఎక్కువ చూస్తుందని పెద్దదాని లెక్క.

చిన్నది కూడా ఒకప్పుడు రెండు రోజులు కణుపులతో నొక్కి చూసింది. మూడో రోజు, "నావల్ల కాదు బాబూ, ఇవి చేతులా రోకళ్ళా?" అని నున్నటి చెక్కముక్క ఒకటి తెచ్చుకుంది. తల్లి నవ్వి ఊరుకుంది. అదే మాట తనంటే ఊరుకునేదా అని పెద్దది ఆ పూటంతా బంక మరీ చిక్కగా కలిపింది.

అయితే ఆమెకి ఒక రహస్యమైన ఆస్తి ఉంది. రెండు చేతుల కణుపుల మీదా బఠాణీ గింజలంత గట్టి కాయలు. పైన చర్మం మెత్తగానే ఉంటుంది, గట్టితనమంతా లోపల. వేళ్ళు ముడిస్తే అవి కూడా కదులుతాయి. "మీ నాన్నకీ ఇలాగే ఉండేవి, పనికాయలు," అని తల్లి ఎప్పుడో ఒకసారి, వేరే పని చూసుకుంటూ అంది. తల్లి మర్చిపోయి ఉంటుంది. పెద్దది మర్చిపోలేదు. మనసు బాగాలేనప్పుడు ఎడమచేతి బొటనవేలితో కుడిచేతి కాయల్ని ఒక్కొక్కటే తడుముకునేది.

ఎందుకంటే ముఖం మొత్తం చిన్నదే పట్టుకుపోయింది. ఆ గడ్డం, ఆ కనుబొమలు, నవ్వేముందు ఎడమవైపు కొంచెం వంగే పెదవి. పాత ఖాతాదార్లు గుమ్మంలో అడుగుపెట్టి, "అబ్బ, అచ్చు గుద్దినట్టు ఆయనే!" అని ఒక నిమిషం నిలబడిపోయేవాళ్ళు. లోపలి నుంచి పెద్దది కట్టిన పుస్తకాలు మోసుకొస్తే, "ఈవిడెవరు, పనికి పెట్టుకున్నారా?" అని ఒకాయన అడిగాడు కూడా. చిన్నది పడీపడీ నవ్వింది. పెద్దది కూడా నవ్వింది. ఇద్దరి నవ్వులూ ఒకటి కావు.

సోమవారం పొద్దున్న పిన్ని దగ్గర్నుంచి ఫోను వచ్చింది. బాబాయి, అంటే నాన్న తమ్ముడు, బస్సు నడుపుతూ నడుపుతూ గుండె పట్టుకున్నాడట. బస్సుని పక్కకి ఆపి, బ్రేకు వేసి, అప్పుడు స్టీరింగు మీద వాలిపోయాడట. ఆస్పత్రిలో చేర్చారు, ప్రాణానికి ఫరవాలేదు.

ముగ్గురూ వెళ్ళారు. వరండాలో పిన్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. లోపలి నుంచి పెద్ద డాక్టరు వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అడిగాడు.

"ఈయన అన్నగారు కూడా చిన్న వయసులోనే పోయారట కదా?"

"నలభై ఒకటి," అంది తల్లి. "ప్రెస్సు బిగిస్తూ బిగిస్తూ అలాగే."

"ఇది వంశంలో నడిచే రకంలా ఉందమ్మా. కొందరికి పుట్టుకతోనే రక్తంలో కొవ్వు ఎక్కువ ఉంటుంది. తిండి వల్ల వచ్చేది కాదు, పైకేమీ తెలీదు. ముందే కనిపెడితే మందులున్నాయి. అందుకని దగ్గరి రక్తసంబంధీకులందరూ పరీక్ష చేయించుకోండి. అందరూ."

డాక్టరు అందరూ అని రెండుసార్లు అన్నాడు. తల్లి మాత్రం తలతిప్పి ఒక్క చిన్నదాన్నే చూసింది. అటు తిరిగేటప్పుడు ఆ చూపు పెద్దదాని మీదుగానే వెళ్ళింది, గదిలో నడిచే మనిషి కుర్చీని తప్పుకుని వెళ్ళినట్టు.

"రేపే చేయించాలి దీనికి," అంది తల్లి, చిన్నదాని మణికట్టు పట్టుకుని.

"మరి పెద్దమ్మాయికో?" అంది పిన్ని.

"దానికేం పోయేకాలం? అది మా పుట్టింటి పోలిక. మావాళ్ళు తొంభయ్యేళ్ళు రాళ్ళలా బతికారు. పుట్టినప్పట్నుంచీ దానికి జలుబన్నా సరిగ్గా చెయ్యలేదు. ఇది చూడు, ముఖమంతా ఆయనే. నాకు కాళ్ళు వణుకుతున్నాయి."

పిన్ని తలూపింది. "నిజమేలే అక్కా, మావాడు కూడా నా పోలికే, వాడికి భయం లేదు."

విచిత్రమేమిటంటే పెద్దది కూడా తలూపింది. ముఖం ఎవరిదైతే గుండె వాళ్ళదే అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, ఎవరూ కాదనలేదు. ఆమెకి బాధ అక్కడ కాదు. జబ్బు పంపకంలో కూడా నాన్న వాటా మొత్తం చిన్నదానికే రాసిచ్చేశారు. తన ముఖం చూసి ఈ లోకంలో ఒక్కరికీ కాళ్ళు వణకలేదు.

మంగళవారం పొద్దున్నే తల్లీ చిన్నదీ పరీక్షకి వెళ్ళారు. తల్లి వెళ్తూ వెళ్తూ, "ఆ గ్రంథాలయం పుస్తకాలు ఈ రోజుకి అయిపోవాలి. నీకో చెయ్యి తక్కువైతే కాస్త సర్దుకో," అంది.

నలభై పుస్తకాలు. పాత అట్టలు ఊడదీసి, వీపుల మీద ఎండిపోయిన బంకని తడిగుడ్డతో నాననిచ్చి, కత్తి మొనతో గీకి, తెగిన కుట్లు విప్పింది. ఒక్కో ఫారం మడతని సరిచేసి కణుపులతో నొక్కింది. సర్, సర్, సర్. ఆ చప్పుడు నాన్నది. తొమ్మిదేళ్ళ పిల్లగా బల్ల కింద కూర్చుని విన్న చప్పుడు. ఈ చప్పుడు చిన్నదానికి రాదు కదా అనుకుంది. ఆ తృప్తి నాలుగు పుస్తకాల దాకా నిలిచింది.

తర్వాత ఊహ మళ్ళీ ఆస్పత్రికే వెళ్ళింది. అమ్మ ఇప్పుడు దాని పక్కనే కూర్చుని ఉంటుంది. సూది గుచ్చేటప్పుడు దాని తల తన భుజానికి ఆనించుకుని ఉంటుంది. రిపోర్టు మంచిదొస్తే అమ్మ దాన్ని పండగలా చూసుకుంటుంది. చెడ్డదొస్తే జన్మంతా అరచేతిలో పెట్టుకుని చూసుకుంటుంది. ఎటు తిరిగినా గెలుపు దానిదే. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. దారం లాగితే పటుక్కున తెగింది.

వాళ్ళు తిరిగొచ్చాక తల్లి చిన్నదాన్ని మంచం మీద కూర్చోబెట్టింది. "కదలకు. ఆ బరువులెత్తకు. అక్క చూసుకుంటుంది."

"రక్తం తీశారే అమ్మా, గుండె తియ్యలేదు," అంది చిన్నది. కానీ తల్లి లోపలికెళ్ళగానే వెనక గదిలోకొచ్చి ప్రెస్సు పక్కన నిలబడింది. "అక్కా, నాకు భయంగా ఉందే."

పెద్దది ప్రెస్సు చక్రం తిప్పుతూనే ఉంది. "నీకేం భయం. అమ్మ ఉందిగా."

చిన్నది ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజు ప్రెస్సు అవసరమైనదానికంటే రెండు చుట్లు ఎక్కువ బిగిసింది.

బుధవారం మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయట. కొవ్వు మామూలే, గుండె మామూలే. తల్లి చిన్నదాని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది. "ఈ ముఖాన్ని ఇంకోసారి పోగొట్టుకోలేనే నేను," అంది.

పెద్దది బంకచేతులతో గుమ్మంలో నిలబడి చూసింది. ఆమెకీ సంతోషంగానే ఉంది. చెల్లెలు కదా. కానీ ఆ సంతోషం వెనక ముల్లులాంటిదేదో గుచ్చుకుంటూనే ఉంది.

"ఒసే, అలా నిలబడకపోతే మీ బాబాయికి బట్టలిచ్చి రారాదూ," అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ. "పిన్ని ఒక్కతే అవస్థ పడుతోంది."

బాబాయి దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది గానీ నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"రావే పెద్దదానా. బస్సు పక్కకి ఆపాను కాబట్టి బతికిపోయాను. నడిరోడ్డు మీద ఆపుంటే గుండె వదిలినా ప్రయాణికులు వదిలేవాళ్ళు కాదు."

"ఊరుకో బాబాయ్, మాట్లాడొద్దన్నారటగా."

"మాట్లాడకపోతే పోయాననుకుని దుప్పటి కప్పేస్తారే."

ఆమె నవ్వి, గ్లాసులో నీళ్ళు పోసి అందించింది. గ్లాసు అందుకున్న ఆయన చేతిని చూసి నవ్వు ఆపేసింది.

కణుపుల మీద బఠాణీ గింజలు. నాలుగు వేళ్ళకీ.

"బాబాయ్, నువ్వెప్పుడన్నా ఫారాలు మడిచావా?"

"నేనా? మీ నాన్న నన్ను గుమ్మంలోనే ఆపేసేవాడు. నా చేతులకి ఇంజనాయిలు ఉంటుందిట, కాగితాలు పాడవుతాయిట. పెద్ద పెళ్ళికొడుకు."

"మరి ఇవేమిటి?"

ఆయన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఇవా? స్టీరింగు కాయలు. ముప్ఫయ్యేళ్ళుగా పట్టుకుంటున్నాగా."

"స్టీరింగు అరచేత్తో కదా పట్టుకునేది?"

బాబాయి గాలిలో స్టీరింగు పట్టుకుని చూశాడు. కణుపులు పైకి తేలి, దేనికీ తగలకుండా ఉన్నాయి. ఆయన ముఖంలో హాస్యం మెల్లగా దిగిపోయింది.

"మా నాన్నకీ ఉండేవే," అన్నాడు. "మీ తాతకి. ఇటుకల కాయలనేవాడు. బట్టీలో పనిచేసేవాడుగా."

"తాతెప్పుడు పోయాడు?"

"నాకు పన్నెండేళ్ళప్పుడు. ఇటుకలు దింపుతూ దింపుతూ కూలబడిపోయాడు."

ఆ కాయల నెపం తాత ఇటుకల మీద నెట్టాడు, నాన్న కాగితాల మీద, బాబాయి బస్సు మీద. అందరూ కష్టపడి పనిచేసేవాళ్ళే, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దది తన కుడిచేతిని ఒళ్ళోంచి తీసి ఆయన చేతి పక్కన, తెల్లటి దుప్పటి మీద పెట్టింది.

బాబాయి రెండు చేతుల్నీ చూశాడు. "అమ్మాయ్," అన్నాడు, గొంతు తగ్గించి, "రేపే వెళ్ళు. ఎవరికోసమూ ఆగకు."

గురువారం ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్త డ్యూటీకి వెళ్ళాక పాపని బడిలో దింపి, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా వెళ్ళింది. రక్తం తీసే గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకటి రక్తం ఇచ్చేవాళ్ళకి, రెండోది తోడు వచ్చినవాళ్ళకి. మొన్న అమ్మ ఇందులోనే కూర్చుని ఉంటుంది. పెద్దది ఆ కుర్చీలో తన సంచి పెట్టింది.

"తోడెవరూ రాలేదా?" అంది రక్తం తీసే అమ్మాయి, పట్టీ బిగిస్తూ. "కొందరికి కళ్ళు తిరుగుతాయి."

"నాకు తిరగవులేమ్మా. నేను రాయిని," అంది పెద్దది. అని తల తిప్పకుండా సూదివైపే చూసింది.

శుక్రవారం సాయంత్రం డాక్టరమ్మ గదిలోకి పిలిచారు. రిపోర్టు మీద ఒక అంకె చుట్టూ ఎర్రగీత చుట్టి ఉంది. డాక్టరమ్మ ఆ గీతని చూపించేముందు ఆమె చేతులడిగింది. కణుపుల్ని ఒక్కొక్కటే నొక్కి, వేళ్ళు ముడిపించి, విప్పించి చూసింది. చెప్పులు విప్పమని మడమల వెనక నరాన్ని తడిమింది. అక్కడ కూడా లావుగానే ఉంది. చెప్పుల పట్టీ ఎప్పుడూ ఒరుసుకునే చోటు.

"ఇవి ఎప్పట్నుంచి?"

"చాలా ఏళ్ళయింది. పనికాయలండి. మా నాన్నకీ ఉండేవి."

"పనికాయలు కాదమ్మా. పనికాయ చర్మంలో ఉంటుంది. ఇది లోపల, కండని ఎముకకి కట్టే నరం మీద పేరుకున్న కొవ్వు. మీ నాన్నగారికి ఉండేవంటే ఆయన దగ్గర్నుంచే మీకు వచ్చాయి."

ఆ మాట వినగానే పెద్దదానికి మొదట కలిగింది భయం కాదు. ఆ సంగతి ఆమె తర్వాత ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది. మొదట కలిగింది, వేడినీళ్ళు తాగినప్పుడు గుండెల్లో దిగే వెచ్చదనంలాంటిది. *ఆయన దగ్గర్నుంచి.* నాకు. అది రెండు గుక్కలంతసేపు ఉంది. తర్వాత నలభై ఒకటి అన్న అంకె గుర్తొచ్చింది. తనకి ముప్ఫయ్యారు.

"నేను కూడా అలాగే..."

"అందుకే కదా వచ్చారు, అలాగే కాకూడదని," అంది డాక్టరమ్మ. "మీ నాన్నగారికి తెలీలేదు. మీకు తెలిసింది. మాత్ర రోజూ వేసుకోవాలి, బాగున్నానని మానకూడదు. గుండె ఎలా ఉందో రేపు చూద్దాం. నడక, తిండి, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఇది మీ చేతుల్లో పనే."

"నా చెల్లెలికి లేదండి. దానిది అచ్చం మా నాన్న పోలిక. నాకేమో..."

"ముఖం దారి వేరు, ఇది వచ్చే దారి వేరు. ప్రతి బిడ్డకీ విడిగా బొమ్మా బొరుసూ వేసినట్టే. పిల్లలున్నారా మీకు?"

"ఒక్క పాప. ఎనిమిదేళ్ళు. దానికేం భయం లేదండి, అది వాళ్ళ నాన్న పోలి..."

మాట నోట్లోనే ఆగిపోయింది. ఆ గొంతు తనది కాదు, అమ్మది. వరండాలో తన మీదుగా వెళ్ళిపోయిన ఆ చూపే ఇప్పుడు తన కళ్ళలోంచి పాప మీదుగా వెళ్ళిపోబోయింది.

డాక్టరమ్మ చీటీ మీద పాప పరీక్షకి ఇంకో వరస రాసింది.

ఆస్పత్రి మెట్ల మీద నిలబడే పెద్దది పిన్నికి ఫోను చేసింది. "పిన్నీ, తమ్ముడు నీ పోలికని వదిలెయ్యకు. ముఖం కాదు, రక్తం చూడాలట. నా రిపోర్టు వచ్చింది, అందుకే చెప్తున్నా." అటువైపు పిన్ని ఏదేదో అడుగుతూనే ఉంది. "అవన్నీ తర్వాత. ముందు వాణ్ణి తీసుకెళ్ళు."

ఇంటికొచ్చేసరికి వెనక గదిలో దీపం వేసి ఉంది. చిన్నది తన చెక్కముక్కతో మడతలు రుద్దుతోంది. పెద్దది రిపోర్టు తీసి కత్తెర పక్కన పెట్టింది. చిన్నది ఆ ఎర్రగీతని చూసింది, అక్కని చూసింది. చెక్కముక్క కింద పెట్టేసింది.

"నాకు చెప్పకుండా వెళ్ళావా?"

"మొన్న నువ్వు భయమంటే నేనేమన్నాను? ఏ ముఖం పెట్టుకుని నిన్ను రమ్మనను?"

"నీ ముఖమే పెట్టుకుని," అంది చిన్నది. అక్క చెయ్యి లాక్కుని కాయల మీద వేలు పెట్టింది. "నాన్న చెయ్యి ఇలాగే ఉండేదా?"

"ఇలాగే."

"నాకు గుర్తులేదు. అయిదేళ్ళు కదా. వచ్చినవాళ్ళందరూ నాలో ఆయన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నేనే అద్దంలో ఎంత చూసుకున్నా కనబడడు. నువ్వు మాత్రం ఆయన నొక్కినట్టు నొక్కుతావు, ఆయన అన్న మాటలు చెప్తావు. నీ మీద ఎంత కుళ్ళుగా ఉండేదో నాకు."

"నీకా? నా మీదా?"

ఇంత పెద్ద విషయం ఒక్క గోడ అవతల ఇన్నేళ్ళు ఉందా అనుకుంది పెద్దది. తర్వాత నవ్వొచ్చింది. చిన్నదానికీ వచ్చింది. ఈసారి రెండు నవ్వులూ ఒకేలా ఉన్నాయి. ఆ చప్పుడికి తల్లి దారపు ఉండతో లోపలికొచ్చింది.

"ఏమిటే ఆ ఇకిలింపులు?"

చిన్నది రిపోర్టు అందించింది. తల్లికి అంకెలు అర్థం కాలేదు. చిన్నది ఆవిడని కూర్చోబెట్టి చదివి చెప్పింది. తల్లి పెద్దదానివైపు తిరిగింది. ఆ తిరగడంలో ఏదో తడబాటు, ఎప్పుడూ వెళ్ళని వీధిలోకి వెళ్ళిన మనిషిలా.

"నీకా? నీకెలా వస్తుందే? ఆ రిపోర్టు ఎవరిదో మారిపోయుంటుంది."

"మారలేదమ్మా. రేపు పాపని కూడా తీసుకెళ్తున్నాను. దానికీ చేయించాలి."

"పసిదానికి సూదులెందుకే? అది అచ్చం అల్లుడు. మన పోలిక దానికి ఒక్క..."

పెద్దది బంకడబ్బా పక్కన పీట లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుని, కుడిచెయ్యి చాపి ఆవిడ ఒళ్ళో పెట్టింది. అరచెయ్యి కిందికి, కణుపులు పైకి.

తల్లి మొదట ఆ చేతిని ఊరికే చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఎదురుగా తిరుగుతున్న చెయ్యే. తర్వాత ఆవిడ కళ్ళు మూసుకుంది, బొటనవేలు దానంతట అదే కదిలింది. చూపుడువేలి కణుపు మీద ఒక చుట్టు, మధ్యవేలి మీద ఒక చుట్టు. పని ముగించి వచ్చిన మనిషి చేతికి పద్నాలుగేళ్ళు కొబ్బరినూనె రాసిన బొటనవేలు అది, దానికి దారి గుర్తుంది. చిటికెనవేలి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

"ఆయనకి ఇక్కడ కొంచెం పెద్దది," అంది తల్లి, కళ్ళు తెరవకుండా. "నీకూ అంతే."

దారపు ఉండ ఒళ్ళోంచి జారి బల్ల కిందికి దొర్లిపోయింది. చిన్నది దాన్ని తీయడానికి వంగి, అక్కడే కాసేపు ఉండిపోయింది.

"కాయలు మెత్తబడతాయని రాసేదాన్ని," అంది తల్లి. "ఎన్నడూ మెత్తబడలేదు."

"నాకు మందుందమ్మా. ఈ రాత్రి నుంచే మొదలు."

తల్లి కళ్ళు తెరిచి పెద్ద కూతురి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఆయన లేడు. పుట్టింటివాళ్ళ వెడల్పాటి నుదురు, తన ముక్కు. అయినా చూపు మరల్చుకోలేదు. ముడి పడిన దారాన్ని చూసినట్టు, ఓపిగ్గా చూస్తూనే ఉంది. ఆవిడ కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకు పెద్దదాని చేతికి తెలుస్తోంది.

"రేపు ఎన్నింటికి?"

"ఏడింటికి. పాపకి పొద్దున్న ఏమీ పెట్టకూడదు."

"నేనూ వస్తాను. దాని పక్కన నేను కూర్చుంటాను, సూదికి భయపడుతుంది."

"వద్దు. దాని పక్కన నేను కూర్చుంటాను," అంది పెద్దది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. "నువ్వు నా పక్కన కూర్చో."